ఆరితేనే కనపడే సున్నం

మా బిడ్డ ఇక లేదని సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో ఒకరింటి గోడకు సున్నం వేస్తున్నాను. నాలుగు రోజుల జ్వరం, అంతే. ఆ గోడ సగంలో వదిలి వచ్చాను. మిగతాది ఎవరు వేశారో తెలియదు.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మన్నించండి.

తను సూర్యాపేటలో కిరాయి గదిలో స్నేహితురాలితో ఉండి సెల్‌ఫోన్ ఆటలు తయారుచేసేది. చిన్నప్పుడు నా వెంట పనికొచ్చి గోడ ముందే కూర్చునేది. తడి సున్నం వేసినప్పుడు వేసినట్టే కనపడదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. అది చూస్తూ అన్నం మరిచిపోయేది. పెద్దయ్యాక దాన్నే ఆటలో పెట్టింది. ఖాళీ గది, నేలంతా సున్నం వేయాలి, ఆరి మొత్తం తెల్లబడితేనే తలుపు తెరుచుకుంటుంది.

"నేలకు సున్నమేందే, ఎడ్డిదానా?" అన్నాను.

"ఆటల అన్నీ అయితయ్ తియ్. ఆఖరు గది మాత్రం నువ్వే దాటాలె అమ్మా. ఎట్లనో నీకే ఎరుక."

"పని ఒడవనీ, సూస్త" అన్నాను. చూడలేదు.

అది ఆరేదాకా ఎవరాగుతరని స్నేహితురాలు నవ్వితే, "మా అమ్మ ఆగుతది" అనేదట.

దినాలయ్యాక ఆ పిల్లే కోదాడలో మా ఇంటికొచ్చి, బిడ్డ ఫోన్‌లో ఆఖరు గది తెరిచి నా చేతికిచ్చింది. నల్లటి నేల. ఎవరూ లేరు. మేం చూస్తుండగానే మూల నుంచి తెల్లబడుతూ వచ్చింది. గడప దగ్గర మాత్రం రెండు పాదాలంత జాగా నల్లగా మిగిలింది. కాలివేళ్లు తలుపు వైపు కాక మా వైపే ఉన్నాయి.

"తను ఆఖరుసారి ఆడిన జాడ, ఆంటీ. తెరిచినప్పుడల్లా గదే కనబడతది" అంది ఆ పిల్ల. "బయటికి పోయేటోళ్లు తలుపు దిక్కు సూడాలె గద, ఇటెందుకు తిరిగింది? నిలబడ్డ కాడ సున్నమెట్ల పడతది? నాకు సమజైతలేదు."

నాకు అయింది. ఇల్లు అలికేటప్పుడు మూలన మొదలుపెట్టి గడప దాకా వెనక్కి వెనక్కి రావాలని నేనే నేర్పాను. ఆఖరు జానెడు గడప బయట నిలబడి, లోపలికి చేయి చాపి అలకాలి. ఆ జానెడు నాకు వదిలిపెట్టింది.

"అక్కడ సున్నమేస్తే ఆ పాదాలు పోతయ్ ఆంటీ. మల్ల రావు" అంది ఆ పిల్ల.

తలుపు అవతల ఏం పెట్టిందో నాకు తెలియదు. రోజూ పని నుంచి వచ్చి, చేతుల సున్నం కడుక్కుని ఆ గది తెరుస్తాను. నేల మెల్లగా తెల్లబడుతుంది. గడప దగ్గర రెండు పాదాలు నా వైపు తిరిగి ఆగుతాయి. ఒక్క వేలు జరిపితే ఆ జాగా కూడా తెల్లబడి తలుపు తెరుచుకుంటుంది.

జరపను. వేలు అట్లనే పైన పెట్టుకుని కూర్చుంటాను. పాదాలు కూడా కదలవు.