రాజబాబుగారు మనవరాల్ని బడికి పంపిన వైనం

రాజబాబుగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవర్నీ అడగకుండా ఏ పనీ చేయరు. అడిగాక కూడా చేయరు, ఇంకొకర్ని అడుగుతారు. చివరికి ఎవరి మాట ఆఖరున చెవిలో పడితే అదే ఆయన నిర్ణయం. అందుకే రాజోలు పక్కనున్న ఆ ఊళ్ళో ఆయనకి సలహా చెప్పదలచుకున్న తెలివైనవాళ్ళు ముందుగా నోరు విప్పరు. మిగతావాళ్ళంతా చెప్పి వెళ్ళిపోయేదాకా అరుగు మీద కాచుకుని కూర్చుంటారు.

అలాగని ఆయన తీసిపారేయదగ్గ మనిషేం కాదు. ఊరిబడిలో ఐదో తరగతి దాకా చదివి, పందొమ్మిదో ఎక్కాన్ని కిందనుంచి పైకి అప్పజెప్పిన ఏకైక విద్యార్థి. పోటీ లేకుండా వార్డు మెంబరైన ఘనుడు. సలహా అడిగేముందు ఈ సంగతులన్నీ ఎదుటివాళ్ళకి ఒకసారి గుర్తు చేస్తారు.

"పందొమ్మిదో ఎక్కం తిరగేసి చెప్పినవాణ్ణి. మెంబరుగా చేసినవాణ్ణి. నాకు తెలీకేం కాదు. అయినా అడుగుతున్నాను, ఈ చొక్కా ఉతుక్కి వేసెయ్యమంటారా, ఇంకో పూట తొడుక్కోమంటారా?"

ఒక ఏడాది దింపు తీయించిన కొబ్బరికాయల్ని పచ్చివే అమ్మాలా, అటకెక్కించి కురిడీ చేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ఎటూ తేలేదాకా కాయల్ని అటక మీద పెట్టించి సలహాలకు బయల్దేరారు. ఆయన అడగడం పూర్తయ్యేసరికి కాయల్లో నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ఎండిపోయి, ఊపితే లోపల గుండులా దొర్లుతోంది. ఎవరి సలహా లేకుండానే అవి కురిడీ అయిపోయాయి. సరిగ్గా ఆ వారమే అంబాజీపేట మార్కెట్లో కురిడీ ధర లేచింది. "ముందుచూపంటే రాజబాబుగారిదేనండి!" అని ఊరంతా మెచ్చుకుంది. ఆయన కూడా నమ్మేసి, దాన్ని ఎక్కం పక్కన చేర్చుకున్నారు.

అటువంటి మనిషి నెత్తిన కరోనా వచ్చి పడింది. రెండో వేవ్ తగ్గి, ఆగస్టులో బళ్ళు తెరిచారు. కొడుకూ కోడలూ ఇద్దరూ కువైట్‌లో ఉంటారు. మనవరాలు శ్రీవాణి తాతా నాయనమ్మల దగ్గరే ఉండి మూడో తరగతికి వచ్చింది. కొడుకు సూర్యప్రకాష్ ఫోన్ చేశాడు.

"బళ్ళు తెరిచేరంట కదా నాన్నగారూ. ఇక్కణ్ణుంచి మేవేం చెప్పగలం? పాపని పంపడం, మానడం మీ ఇష్టం."

రాజబాబుగారు ఫోన్ పెట్టేసి, చెమట తుడుచుకుని, భార్య వీరాయమ్మ వైపు చూశారు.

"మీ ఇష్టం అంటాడేంటే వీడు?"

"అంటే మీ ఇష్టమని."

"అది నాకూ తెలుసు. నా ఇష్టం ఏంటని అడుగుతున్నాను."

మర్నాడు శ్రీవాణికి యూనిఫాం తొడిగి, మూతికి మాస్కు కట్టి, మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని బడికి బయల్దేరారు. ఆ యూనిఫాం బళ్ళు మూసేయకముందు కుట్టించినది కావడంతో గౌను మోకాళ్ళు దాటి పైకి పోయింది. టీ హోటల్ గంగబాబు దగ్గర మొదటి మజిలీ.

"పంపేయండి బాబూ! ఇంట్లో ఉంటే ఫోన్లు చూసి కళ్ళు పోతాయి."

"ఆయ్, నిజవే."

మోపెడ్ ముందుకు కదిలింది. మందుల షాపు దగ్గర శివశంకర్ ఎదురయ్యాడు.

"మూడో వేవు పిల్లలకేనంటున్నారండి. నేను పంపమననండి. మానమనీ అననండి."

"మరేవంటావు?"

"చూద్దాం అంటానండి."

మోపెడ్ వెనక్కి తిరిగింది. మళ్ళీ గంగబాబు కనబడితే మళ్ళీ ముందుకు తిరిగింది.

"తాతయ్యా, ఇప్పుడు మనం బడికా, ఇంటికా?" అంది శ్రీవాణి.

"ఉండమ్మా, ఇంకా తేలలేదు."

బడికి ముందు ఆఖరి ఇల్లు సత్యశ్రీది. భర్త మస్కట్‌లో ఉంటాడు. రెండో వేవ్‌లో తల్లి పోయినప్పట్నుంచీ ఆమె గేటుకి తాళం తీయడం లేదు. పాల ప్యాకెట్‌కి సబ్బుతో స్నానం చేయించి గాని గడప దాటనివ్వదు. ఆమె కొడుకు హేమంత్‌దీ మూడో తరగతే. వాడు గేటు ఊచల్లోంచి ముక్కు బయటపెట్టి లోకాన్ని చూస్తుంటాడు.

"ఏమ్మా సత్యశ్రీ, పాపని పంపమంటావా, మానమంటావా?"

"వద్దండి బాబాయిగారూ! మీకు దణ్ణం పెడతాను. ప్రాణాలుంటే చదువులు ఎప్పుడైనా వస్తాయండి."

"ఆయ్. వద్దంటే వద్దు."

అవతల బడిగంట మోగుతుంటే మోపెడ్ ఇటు ఇంటిదారి పట్టింది. బడిలో తినాల్సిన క్యారేజీ శ్రీవాణి ఇంటి అరుగు మీద టిఫిన్ వేళకే ఖాళీ చేసేసింది.

ఇక రోజూ ఇదే తంతు. "పంపండి" అన్నవాళ్ళని దారిలో అడగడం, "వద్దు" అన్నావిణ్ణి ఆఖరున అడగడం, వెనక్కి రావడం. ఊరికి కొత్త వినోదం దొరికింది.

"ఏవండీ, ఇవాళ బడి ఎంత దూరంలో ఉంది?"

"నిన్నటికంటే దగ్గరికి వచ్చిందయ్యా!" అని రాజబాబుగారే నవ్వేవారు.

సత్యశ్రీ గేటు దగ్గర ఆగడం మాత్రం నానాటికీ ఎక్కువైంది. తాతగారు మెంబరుగిరీ సంగతులు మొదట్నుంచీ చెబుతుంటే, పిల్లలిద్దరూ ఊచలకి అటొకరు ఇటొకరు కూర్చుని ఎక్కాలు వల్లించుకునేవారు.

ఆఖరికి కృపారావు మాస్టారు స్వయంగా ఇంటికి వచ్చారు.

"పిల్లలు వస్తున్నారండి. వరండాలో దూరందూరంగా కూర్చోబెడుతున్నాం. మీ పాప సంగతే చెప్పుకుని ఊరంతా నవ్వుతోంది. పెద్దవారు, మీరే ఇలాగైతే ఎలాగండి?"

"ఆయ్, రేపు కనుక్కుని చెబుతానండి."

మాస్టారు అటు వెళ్ళగానే వీరాయమ్మ అందుకుంది.

"ఎవర్ని కనుక్కుంటారు? ఆ సత్యశ్రీని ముందు అడిగేసి, ఆఖర్న మాస్టారిని అడగొచ్చు కదా? పాప బడికెళ్ళిపోద్ది!"

"వెళ్ళిపోద్దనేనే."

"అర్థవయ్యేలా ఏడవండి."

రాజబాబుగారు గొంతు తగ్గించారు. "మన పాప వెళ్ళిపోతే, ఊళ్ళో పిల్లాణ్ణి పంపనిది సత్యశ్రీ ఒక్కత్తే మిగుల్తుంది. తల్లి పోయి బెదిరిపోయిన పిల్ల. మొగుడు చూస్తే అంత దూరాన. ఊరంతా గేటు ముందు చేరి పిరికిదంటే ఏం తట్టుకుంటుంది? ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు. నాకైతే అలవాటే."

వీరాయమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. తర్వాత, "మరి మన పాప చదువో?" అంది.

"అదే తోచట్లేదే. ఎవర్ని అడగనూ?"

మర్నాడు గేటు దగ్గర వింత జరిగింది. హేమంత్ తనంతట తానే పాత యూనిఫాం తొడుక్కుని నిలబడ్డాడు. నిక్కరు బొత్తం పెట్టుకుందామంటే అందడం లేదు. ఒక చేత్తో నిక్కరు పట్టుకుని, రెండో చేత్తో బ్యాగు పట్టుకుని తల్లి వైపు చూస్తున్నాడు. సత్యశ్రీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాళంచెవి చేతిలో ఉంది.

"ఏమ్మా, పంపమంటావా, మానమంటావా?"

సత్యశ్రీ తాళంచెవి వైపు, కొడుకు వైపు చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మీరేవంటారు బాబాయిగారూ?"

రాజబాబుగారు వెనక్కి తిరిగి చూశారు. వెనక శ్రీవాణి తప్ప ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"నన్నా అమ్మా?"

"మిమ్మల్నేనండి."

ఎక్కం గుర్తుకు రాలేదు. మెంబరుగిరీ గుర్తుకు రాలేదు. రాజబాబుగారు మాస్కు సర్దుకుని, ఎవర్నీ అడక్కుండా చెప్పారు.

"పంపుదావమ్మా. నేను బడి బయటే ఉంటాను. లోపల ఎవరైనా తుమ్మేరంటే ఇద్దర్నీ చెరో చంకనా ఎత్తుకొచ్చేస్తాను. సరేనా?"

తాళం ఊడింది. హేమంత్ మోపెడ్ ఎక్కేశాడు. సత్యశ్రీ చెప్పులు కూడా మరిచిపోయి వెనకే నడిచి వచ్చింది.

బడి గేటు దగ్గర దిగగానే పిల్లలిద్దరూ లోపలికి పరిగెత్తారు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. పెద్దవాళ్ళిద్దరూ గేటు పట్టుకుని నిలబడిపోయారు. గంట మోగింది. పాఠం మొదలైంది. వీళ్ళు కదలలేదు.

కృపారావు మాస్టారు బయటికి వచ్చారు.

"ఏవండీ, ఇంటికి వెళ్తారా, లేక మీక్కూడా బెంచీ వేయించమంటారా?"

సత్యశ్రీ సిగ్గుపడి తల దించుకుంది. రాజబాబుగారు క్షణం కూడా ఆలోచించలేదు.

"వేయించండి మాస్టారూ. కాస్త పొడుగుదే వేయించండి. మా వీరాయమ్మ కూడా వస్తుంది."