పన్నీరు గులాబీలకు కొట్టిన మందు

నిన్న సాయంత్రం పక్క మేడ మీద ఎవరో పూలకుండీలకు పురుగుమందు కొట్టారు. ఆ ఘాటు వంటింట్లోకి వచ్చేసరికి కిటికీ మూసేశాను. మూసినా గొంతులో చేదు పోలేదు. ఆదోనిలో మా కాపురం తొలి రోజులూ, పక్కింటి హుసేన్‌బీ పెద్దమ్మా గుర్తుకొచ్చారు.

డెబ్బైల చివరి సంగతి. మా ఆయన పత్తి మిల్లులో పనిచేసేవారు. పెద్దమ్మ, భర్త పోయాక, పెరట్లో పన్నీరు గులాబీలు పెంచి, రేకుల్ని చక్కెరతో జాడీల్లో కలిపి ఎండకు పెట్టి గుల్‌కంద్ చేసి అమ్మేది. అదే ఆమె బతుకుతెరువు. ఒకరోజు మొగ్గల నిండా పచ్చటి పేనుబంక కనిపించింది. దాని మధ్య నల్లగా, ముళ్లముళ్లుగా ఏదో పాకుతోంది. నలపబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“దాన్ని సంపొద్దు బేటీ. సూసేదానికి అట్లుంటాది గానీ పేనుబంకను తినేది అదే. పెద్దదైతే ఎర్రగా, నల్ల సుక్కల అక్షింతల పురుగైతాది.”

“మరి ఈ పచ్చవాటినేం చేయాలి?”

“నీళ్లతో కడుగుదాం. నోట్లో పెట్టుకునే రేకులు గదా, మందెట్ల కొడతాం?”

కొమ్మ కింద ఎడమ అరచెయ్యి ఆనించి, ఆకుల అడుగున నీళ్లు చిలకరించడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పురుగు మరీ ముదిరిన చిగుళ్లను తుంచేసేది.

ఆ చలికాలం పేనుబంక విపరీతంగా పట్టింది. నేను ఎమ్మిగనూరులోని పుట్టింటికి వెళ్లాను, పెద్దమ్మ కూతురింటికి వెళ్లింది. ఆమె కష్టం చూడలేక మా ఆయన, పెద్దకడుబూరులో వాళ్లన్న పత్తికి కొట్టే మందు తెచ్చి చెట్లన్నింటికీ కొట్టేశారు. మర్నాడు తెల్లవారకముందే తిరిగొచ్చిన పెద్దమ్మ, చీకట్లోనే పూలు కోసి, రేకుల్ని అప్పటికే ఊరుతున్న జాడీలన్నింట్లో కలిపేసింది. రాత్రి మంచుకు మందు ఘాటు అణిగిపోయిందేమో, ఆమెకు తెలియలేదు. నేను ఇల్లు చేరేసరికి ఆయన గోడ మీదుగా సంబరంగా చెబుతున్నారు.

“ఒక్క పురుగు లేదు చూడు పెద్దమ్మా!”

చెట్ల కింద అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. పెద్దమ్మ వాటినే చూస్తూ అడిగింది.

“ఎప్పుడు కొట్నావప్పా?”

“నిన్ననే.”

ఆమె లోపలికి వెళ్లి జాడీలు ఒక్కొక్కటే మోసుకొచ్చింది. పెరటి మూల గుంత తీయడం మొదలుపెట్టాక గానీ ఆయనకు అర్థం కాలేదు.

“కడిగితే పోదా పెద్దమ్మా?”

“నా మనవడికి పెట్టలేనిది ఊరోళ్లకు ఎట్ల పెడతానప్పా?”

ఆ ఏడాదంతా ఆమె బొంతలు కుట్టి గడిపింది. గుల్‌కంద్ కోసం వచ్చినవాళ్లకు “ఈసారి పురుగు తినేసింది” అని మాత్రమే చెప్పేది. ఎందుకలా అని నేనడిగాను.

“ఆయప్ప నాకు మేలు సేద్దామనే గదా సేసినాడు. ఊరంతా నవ్వితే ఇంక ఎవురికన్నా సాయం పోతాడా?”

దాన్ని తినే పురుగులు చచ్చాక పేనుబంక మునుపటికి రెట్టింపై తిరిగొచ్చింది. మా ఆయన ఆమెకు ఎదురుపడలేక తల వంచుకుని మిల్లుకు పోయేవారు. ఒక పొద్దున ఆమే గోడ అవతలి నుంచి పిలిచింది.

“రాప్పా, ఒక్కదాన్నే కడగలేకపోతాండాను.”

ఆయన వెళ్లారు. ఆమె ఆయన చేతికి చెంబు అందించింది. అప్పట్నుంచి రోజూ డ్యూటీకి ముందు ఇద్దరూ ఆకులు కడిగేవారు. ఒకరోజు ఆయన చిన్నపిల్లాడిలా కేక వేస్తే పరుగెత్తాను. ఆకు మీద ఎర్రటి అక్షింతల పురుగు ఉంది. మరుసటి ఏడు జాడీలు నిండాయి. మొదటి చెంచా గుల్‌కంద్ పెద్దమ్మ ఆయన అరచేతిలోనే పెట్టింది.

తర్వాత నేను టీచరునై చాలా ఏళ్లు పనిచేశాను. తప్పు చేసిన పిల్ల తలవంచుకుని నిలబడితే, మందలించేలోపే పెద్దమ్మ గోడ మీదుగా మా ఆయన్ను పిలిచిన ఆ గొంతు వినిపించేది. మందలింపు మానేసి, ఆ పిల్లకు నా పక్కనే ఏదో ఒక పని అప్పజెప్పేదాన్ని.