వెనక సీటు బరువు

బైక్ మీద స్పీడ్ బంప్ దాటాం. వెనక నుంచి ఒక్క మాటా రాలేదు.

"ఉన్నావా?" అన్నాను తల కొంచెం తిప్పి.

"ఉన్నాను లెండి. ఆ బంప్ ఎప్పుడొస్తుందా అని సీటు గట్టిగా పట్టుకున్నా."

"దాటేశాం."

"అదేనా?" అంది మా ఆవిడ.

ఆ మాట కోసమే ముందురోజంతా గ్యారేజీ నేల మీద పడి దొర్లాను.

ఇది 2013 వేసవి మాట. మేం ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో ఉంటున్నాం. నా బైక్ వయసు అప్పటికే నలభై దాటింది. నాకు ముందు దాన్ని నడిపినాయన, రేసు బండిలా కనబడాలని హ్యాండిల్ కిందికి దించి, మడ్‌గార్డు కోయించి, వెనక చక్రానికి రెండు పక్కలా పొట్టి షాకబ్జర్లు పెట్టించాడు. చూపుకి బాగుండేది. గుంత తగిలితే మాత్రం దెబ్బంతా వెనక కూర్చున్న మనిషి నడుముకే.

మా ఆవిడ నర్సు. ఆమె డ్యూటీల రోటా దయతలిచిన ఆదివారాలే మా ఇద్దరికీ కలిసొచ్చే సెలవు. అలాంటి ఒక ఆదివారం ఆమెను వెనక కూర్చోబెట్టుకుని సముద్రం దాకా వెళ్లాలని నా కోరిక. మా ఊరి నుంచి ఎటు పోయినా సముద్రం దూరమే. ఇంతలో ఒకరోజు చర్చి ముందు బండి దిగుతూనే నడుం పట్టుకుని, "ఇకమీదట నేను బస్సులో వస్తా. మీరూ మీ బండీ ముందొచ్చి సీటు పట్టండి," అనేసింది.

బండికి మొదట్లో ఉన్నంత పొడవున్న కొత్త షాకబ్జర్లు తెప్పించాను. ఒక పక్క మార్చాకే రెండో పక్క ముట్టుకోవాలని ఎక్కడో విన్నాను. బండిని సెంటర్ స్టాండ్ వేసి, కుడివైపు పాతది ఊడదీసి కొత్తది పెడితే, బోల్టు రంధ్రం రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ఎడమవైపు పొట్టిది ఇంకా చక్రాన్ని పైకి లాగి పట్టుకునే ఉంది. ఆ సంగతి టీ తాగుతుంటే గాని తట్టలేదు. రెండూ తీసేశాక, మా ఆవిడ ఒక చెక్క పెట్టి చక్రాన్ని కాస్త పైకెత్తింది, బోల్టు దూరింది.

ఇక స్ప్రింగు. కింద ఒక రింగుంటుంది. దాన్ని తిప్పితే టకటకమంటూ బిగుస్తుంది. ఎంత బిగించాలన్నది వెనక కూర్చునే మనిషి బరువును బట్టి.

"నీ బరువెంత?"

"ఎందుకూ?"

"స్ప్రింగుకి చెప్పాలి."

"వార్డులో అందరి బరువూ చూసేదాన్ని నేను. నా బరువు అడిగే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

"పోనీ, అరవై అనుకోనా?"

"అనుకోండి. అనుకోవడానికేం పోయింది?"

"అరవై అయిదు?"

నా చేతిలోని స్పానర్ లాక్కుంది. ఎటు తిప్పితే బిగుస్తుందో అడిగి తెలుసుకుని, నన్ను గోడ వైపు తిరిగి నిలబడమంది. రెండు పక్కలా తనే తిప్పింది, ఎన్నిసార్లు టక్కుమందో నాకు వినబడకుండా దగ్గుతూ. తర్వాత వంగి చూసుకోవచ్చు. చూడలేదు.

ఆమె లెక్క సరిగ్గానే ఉందని స్పీడ్ బంప్ చెప్పింది. కాకపోతే షాకబ్జర్లు పొడవయ్యేసరికి వెనక సీటు పైకి లేచింది. మా ఆవిడ పొట్టి. ఆ ఆదివారం ఇంటి ముందు ఇటుక గోడెక్కి, అక్కణ్ణుంచి సీటు మీద కాలు వేసింది. చర్చి దగ్గర మెట్లున్నాయి కాబట్టి తిరుగు ప్రయాణమూ గడిచింది. సాయంత్రం సముద్రం మాటెత్తాను.

"వస్తా. ఇసకలో దిగాక మళ్లీ దేని మీద నుంచి ఎక్కను?" అంది.

మేమింకా సముద్రానికి వెళ్లలేదు.