జనరల్ గారి పక్షాన సుగుణ

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు. అప్పటికి అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్‌గా నేను బాగానే అలవాటు పడ్డాను. చరిత్ర అంటే తారీకులు బట్టీ పట్టడమేనని నమ్మే పిల్లలతో వేగలేక, ఏడాదికోసారి హిస్టరీ అసోసియేషన్ తరఫున ఒక విచారణ పెట్టేవాణ్ణి. గతంలోని ఒక ప్రముఖుణ్ణి బోనెక్కిస్తాం. ఒకరు నేరం మోపాలి, ఒకరు సమర్థించాలి, దొరికితే సాక్షులు రావాలి. బల్ల మీద గంట పెట్టుకుని జడ్జీగా నేను కూర్చుంటాను. నాది ఒకటే నియమం. ఎవరి అభిప్రాయం ఏమిటో ముందే అడిగి, సరిగ్గా దానికి ఎదుటి పక్షాన్ని వాళ్ళ నెత్తిన పెడతాను. మన మాట మనం చెప్పుకోవడానికి కాలేజీ ఎందుకు, కాఫీ హోటల్ చాలు.

ఆ ఏడాది బోనెక్కినవాడు ఒక అమెరికన్ జనరల్. పేరు రాయను. చరిత్ర చదివినవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది, చదవనివాళ్ళకి పేరుతో పనిలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా అధినేతకి సైనిక సలహాదారుగా వెళ్ళాడు. బర్మాలో జపాన్ చేతిలో ఓడిపోయి, విమానం ఎక్కకుండా తనవాళ్ళతో పాటు అడవుల్లో నడిచి మన దేశం చేరాడు. బీహారులో చైనా సిపాయిలకి తిండి పెట్టి, బూట్లిచ్చి, తర్ఫీదిచ్చి మళ్ళీ బర్మా మీదికి నడిపించాడు. అస్సాం కొండల్లోంచి చైనాకి రోడ్డు వేయించాడు. నోరు మాత్రం మంచిది కాదు. ఏ అధినేతకి సాయం చేయడానికి వెళ్ళాడో అతన్నే ఈసడించేవాడు. జబ్బుపడ్డ సిపాయిల్ని కూడా మళ్ళీ యుద్ధానికి తోలాడని, బర్మా పిచ్చిలో పడి చైనాని గాలికొదిలేశాడని అపవాదు. చివరికి అమెరికా ప్రెసిడెంటే వెనక్కి పిలిపించుకున్నాడు. ఇలాంటివాడైతేనే మంచి విచారణ జరుగుతుంది.

ముక్తేశ్వరం కుర్రాడు సుబ్రహ్మణ్యానికి మిలిటరీ అంటే ప్రాణం, జనరల్ అంటే ఆరాధన. కనుక నేరం మోపే పని వాడికిచ్చాను. రాజోలు నుంచి వచ్చే సుగుణ, జనరల్ దుర్మార్గుడని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఫైనలియర్ పిల్లల్లో దానంత చురుకైనది లేదు. సమర్థించే పని దానికిచ్చాను. మొహం పాలిపోయింది గానీ, "ఆయ్, అలాగేనండి" అంది.

విచారణకి రెండు రోజుల ముందు సుగుణ వాళ్ళ నాన్న ప్రకాశం గారు స్టాఫ్ రూముకి వచ్చారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఖద్దరు చొక్కా, సన్నటి గొంతు, కూర్చోమంటే కూర్చోలేదు. యుద్ధకాలంలో తను ఆ రోడ్డు పనికి కూలీల దళంలో వెళ్ళానని, తన తమ్ముడు దానియేలు అక్కడే మలేరియాతో పోయాడని, ఎక్కడ పూడ్చారో కూడా తెలియదని చెప్పారు. వర్షాల్లో, జ్వరాల్లో ఆపకుండా పని చేయించింది ఆ జనరల్ తొందరేనని ఆయన నమ్మకం.

"మా ఇంట్లో పుట్టిన పిల్ల ఆ మనిషిని వెనకేసుకొస్తే నేను చూళ్ళేనండి. పక్షం మార్చండి. లేకపోతే సోమవారం నుంచి దాన్ని కాలేజీకి పంపనండి," అన్నారు.

కోపంగా అనలేదు. అందుకే భయం వేసింది. డిగ్రీ అయితే బి.ఇడి. చదివి టీచరవుతానని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పిందో! మూడు నెలల్లో పరీక్షలు. గొడవెందుకు, మార్చెయ్యమన్నారు ప్రిన్సిపాల్ గారు. నాకూ మనసు అటే లాగింది. సుగుణని పిలిచి అడిగితే తల దించుకుని, మార్చొద్దంది. బాబాయి గురించి చిన్నప్పటి నుంచి వింటున్నానని, ఆ జనరల్ గురించి మాత్రం ఇప్పుడే చదువుతున్నానని, చదివింది చెప్పకుండా మానలేనని అంది. పక్షం మార్చలేదు. చెప్పొద్దూ, గర్వంగానే ఉంది. గర్వపడ్డంత సేపు పట్టలేదు, ఈ పిల్ల చదువు నా నియమానికి బలైపోతోందే అని గుండె పీకడానికి.

సుబ్రహ్మణ్యం ఊరుకుంటాడా? ప్రకాశం గారి సంగతి తెలిసి, బస్సెక్కి వెళ్ళి, సాక్ష్యం చెప్పమని ఆయన్నే బతిమాలుకున్నాడు. నేరం మోపే పక్షానికి సాక్షి అన్నమాట. ఆయన ఒప్పుకున్నారు. కూతురి నోరు మూయించడానికి ఇంతకంటే మంచి దారి లేదనుకున్నారేమో. విచారణ రోజు పొద్దున్న ఆ సంగతి తెలిసి ప్రిన్సిపాల్ గారు నా వంక అదోలా చూశారు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ప్రకాశం గారు రోడ్డు గురించి చెబుతుంటే పిల్లలు కదల్లేదు. బురద, జలగలు, కొండచరియలు విరిగిపడటం, జ్వరంతో లేవలేనివాణ్ణి కూడా మేస్త్రీ లేపడం. ఆఖర్న తమ్ముడి పేరు చెప్పారు. సుబ్రహ్మణ్యం దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్. అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నలతో పరీక్షించడం. మాకు సాక్షీ ఒక సోర్సే, ఆధారమే. ఎంత బాధపడినవాడి మాటైనా పరీక్షించకుండా తీసుకోకూడదని పాఠాలు చెప్పింది నేనే. అడగనక్కర్లేదని సుగుణతో అందామనుకున్నాను. అప్పటికే లేచి నిలబడింది.

జనరల్‌ని మీరు కళ్ళారా చూశారా అని అడిగింది. లేదన్నారు. రోడ్డు కావాలన్నది ఆయన ఒక్కడేనా అంటే, తెల్లదొరలందరూ అన్నారు. కూలీల్ని ఎంచుకునేది ఆయనా అంటే, కాదన్నారు. ముందు వరసలో ఎవరో "చాల్లే అమ్మా" అన్నారు. నా చెయ్యి గంట మీదే ఉంది. సుగుణ మాత్రం కాయితం చూడకుండా ఆఖరి ప్రశ్న అడిగింది.

"మరి బాబాయిని ఆ పనికి పంపింది ఎవరండీ?"

'సర్కారు' అనే జవాబు రావాలి. ఇంట్లో అందరూ చెప్పుకునే మాట అదే. ఆయన సుగుణ వైపు చూసి, నా వైపు చూసి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గంట కొట్టేద్దామనిపించింది. ఆ చూపులో ఏదో ఉందని నాకు తెలుస్తూనే ఉంది, అయినా కొట్టలేదు.

"నేనేనమ్మా," అన్నారు. "సెలవుకి ఇంటికొచ్చినప్పుడు నాతో తీసుకెళ్ళేను. చిన్నవాడు, తీసుకోరని వయసు ఎక్కువ చెప్పించేను. మళ్ళీ ఒక్కణ్ణే వెళ్ళడానికి భయమేసింది. మా అమ్మకి మాత్రం సర్కారు పట్టుకుపోయిందని చెప్పేను. ఆవిడ అదే నమ్మి పోయింది."

సుగుణ చేతిలో కాయితాలు కింద పడిపోయాయి. "నాకు తెలీదు నాన్నగారూ," అంటూ అక్కడే ఏడ్చేసింది. కోర్టులో పనిచేసేవాళ్ళు చెబుతుంటారు, జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగకూడదని. నా శిష్యులకి నేను నేర్పింది జవాబు తెలియని ప్రశ్నలే అడగమని. ఆ క్షణంలో నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

సభ ముగించేద్దామని గంట అందుకున్నాను. ఇంతలో వెనక బెంచీ నుంచి ఒకడు, అయితే జనరల్ గారి తప్పేమీ లేదన్నమాటే కదా సార్ అన్నాడు. కొందరు తలూపారు కూడా. వాళ్ళకి లెక్క తేలిపోయింది.

ప్రకాశం గారు లేచి నిలబడ్డారు. కళ్ళు తుడుచుకోలేదు. ఆ కుర్రాడితో హెడ్మాస్టరులాగే మాట్లాడారు.

"అదేంటి బాబూ. నా తప్పు నేను ఒప్పుకున్నానని ఆయన్ని వదిలేస్తావా? జ్వరంలో ఉన్నవాడి చేత రాళ్ళు కొట్టించిన పాపం అలాగే ఉంది. నాది దాని పక్కన రాసుకో. దాన్ని కొట్టేసి మాత్రం రాయకు."

తీర్పు చెప్పడం నా పని. చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఏడాదీ చెప్పలేదు. విచారణలు పెట్టాం గానీ, చేతులెత్తించి దోషా నిర్దోషా అని తేల్చడం మానేశాం. ఎవరి వంతు ఎంతో రాసుకుని లేచేవాళ్ళం.

హాలు ఖాళీ అయ్యాక తండ్రీకూతుళ్ళు వరండాలో నిలబడ్డారు. దగ్గరికి వెళ్ళి క్షమించమందామనుకున్నాను గానీ, ఆయనే చెయ్యెత్తి వద్దన్నారు. సుగుణ ఇంకా వెక్కుతోంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి, "సోమవారం ఫస్ట్ అవర్ ఎవరిదండీ?" అని నన్ను అడిగారు. నాదేనన్నాను.

"అయితే కాస్త ముందు బస్సుకి పంపుతానండి," అన్నారు.