శాంతక్క కూర్చిన బల్ల

మొన్న ముంబై రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లి, భోజనాల వైపు పోవాల్సినవాణ్ణి పోయి పోయి పూల్ బల్ల కిందికి దూరాను. దూరడం నా అంతట నేనే దూరాను గానీ, బయటికి రావడానికి మాత్రం పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇద్దరు చెరో కాలు పట్టి లాగాల్సి వచ్చింది. నడుము పాతది, పొట్ట కొత్తది. రెండింటికీ పొత్తు కుదరడం లేదు. "తాతా, పండ్ల సెట్టు పడిపోయిందా?" అని ఒక చిన్నపిల్ల జాలిగా అడిగింది. పండ్లు నోట్లోనే ఉన్నాయి, పటపటా కొరుకుతున్నాను కూడా. ఆకుపచ్చ ఉన్నిగుడ్డ వాసన ముక్కుకు తగలగానే అలవాటు కొద్దీ చెయ్యి బల్ల అడుక్కి పోయింది. వేళ్లకు రాయి చల్లగా తగలాల్సిన చోట ప్లైవుడ్ గరుకుగా తగిలింది. పైన అద్దంలా పాలిష్, కింద పేళ్లు లేచిన చెక్క. అంతే, ఎప్పటిదో పాత కోపం ఒకటి లేచింది. ఆ కోపం అసలు నాది కాదు, శాంతక్కది. ఆమె దాన్ని ఎన్నడూ వాడుకోలేదు కాబట్టి నేను మోస్తున్నాను.

శాంతక్కది బీదర్ వైపు. ఆమె తండ్రి బంగళాల్లో బిలియర్డ్స్ బల్లలు కూర్చేవాడు. మగపిల్లలు లేక కూతుర్నే వెంట తిప్పుకున్నాడట. పెళ్లై జహీరాబాద్ వచ్చాక, భర్తకు సొంత లారీ ఉండటంతో, హైదరాబాదు నవాబుల పాత దేవిడీల్లో మూలపడ్డ బల్లలను కొని, బాగుచేసి, బొంబాయి దాకా అమ్మే వ్యాపారం పెట్టుకుంది. హైవే పక్కన రేకుల షెడ్డు. టీ కోసం ఆగిన లారీ డ్రైవర్లు లోపలికి తొంగిచూసి, ఎనిమిది కాళ్ల ఆ బల్లలు ఏ జంతువులని నన్నడిగేవారు. ఎండాకాలం మేస్తాయి, వానాకాలం ఈనుతాయి అని చెప్పేవాణ్ణి. నేనక్కడ చేరింది ఎనభైల మొదట్లో, నాకు పెళ్లైన కొత్తలో. ఏడో తరగతిలో నేను బడి మానేసిన రోజు మా లెక్కల పంతులు పిల్లలందరికీ పుట్నాలు పంచాడని చెప్పుకుంటారు. అటువంటి నాకు రాతి పలకలు మోసే పనే గొప్ప ఉద్యోగం. బిలియర్డ్స్ బల్ల పైకి గుడ్డలా కనిపిస్తుంది గానీ, లోపల ఉండేది రాయి. పెద్ద పెద్ద పలకలు పక్కపక్కన పేర్చి, సందుల్లో మైనం పోసి, నున్నగా గీకి, ఆపైన ఉన్నిగుడ్డ బిగిస్తారు.

ఆమె దగ్గర అన్ని రకాల సరుకూ ఉండేది, వినయం తప్ప. "హైదరాబాద్‌కెల్లి షోలాపూర్ దాక బల్ల సంగతి తెలిసినోళ్లు ఇద్దరే మల్లిగా. ఒకడు మా నాయన. ఆయన పోయిండు," అనేది. రెండోవాళ్లెవరని అడిగితే చేతిలో ఏది ఉంటే అది విసిరేది. ఏ బల్లనైనా ఆమె పైనుంచి చూడటం ఎప్పుడూ చివరే. ముందు కొంగు నడుముకు చెక్కి కిందికి దూరేది. పిడికిలితో పలకను కొట్టి వినేది. పగిలిన రాయి బొంగురు గొంతుతో పలుకుతుంది. తర్వాత అంచు రబ్బరుకు బంతిని గట్టిగా కొట్టి, అది ఎంత దూరం తిరిగొస్తుందో చూసేది. రబ్బరు చచ్చిపోయి ఉంటే బంతి అలిగిన అల్లుడిలా ఎక్కడికక్కడే ఆగిపోతుంది. అన్నీ అయ్యాక అమ్మేవాళ్లను ఒకటే అడిగేది: "దీన్ని ఎవరన్న జరిపిన్రా?" ఎంత పాతదైనా కదలకుండా ఉన్న బల్లకు ఆమె మంచి ధర కట్టేది. ఇష్టమొచ్చినట్టు ఈడ్చిన బల్లకు, అది నిన్నగాక మొన్న కొన్నదైనా సరే, సగం ధర కూడా కట్టేది కాదు.

ఝరాసంగం దగ్గర ఒక పటేల్ బొంబాయి నుంచి సరికొత్త బల్ల తెప్పించుకుని, మెచ్చుకోవడానికి ఈమెను పిలిపించాడు. మెచ్చుకోలు కోసం శాంతక్కను పిలిచినవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆమె కిందికి దూరి, వచ్చి, చేతులు దులుపుకుంది.

"ఎట్లున్నది శాంతమ్మా?" అన్నాడు పటేల్ మీసం దువ్వుతూ.

"మస్తున్నది పటేలా. అల్లం ఆరబెట్టుకోనీకి ఇంతకంటె మంచి బల్ల దొరకది."

పటేల్ మొహం మాడిపోయింది. నవ్వు ఆపుకోలేక నేను పశువుల కొట్టం వైపు పరుగెత్తాను. వానలు పడ్డాక ఆ ప్లైవుడ్ ఉబ్బి బల్ల నడుమ గుట్ట లేచింది. పటేల్ మాత్రం మంచివాడు. నిజంగానే దానిమీద అల్లం ఆరబోసి, అటుగా వెళ్లినప్పుడల్లా మాకు ఒక సంచి ఇచ్చి పంపేవాడు.

మంచివాళ్లు కానివాళ్ల సంగతి ఇక చెబుతాను. మా ఊళ్లో పెద్దమనుషులు ఒక క్లబ్బు కట్టారు. దాని సెక్రటరీ ఒక జిన్నింగు మిల్లు యజమాని. బిలియర్డ్స్ గది కోసం శాంతక్క దగ్గర ఒక పాత బల్ల కొన్నారు. ఆమె షెడ్డులో ఉన్నవాటిలోకెల్లా మేలైన రాయి అది. గోడల సున్నం ఇంకా ఆరకముందే ఆమె ఆ గదిలో మోకాళ్ల మీద కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలకలు పేర్చి, మైనం పోసి, బంతిని వదిలి చూసి, మళ్లీ విప్పి, మళ్లీ పేర్చింది. చివరికి బంతిని ఎక్కడ పెడితే అక్కడే బుద్ధిగా నిలబడింది. ఆ తర్వాత క్లబ్బుకు ప్రారంభోత్సవం చేశారు. మర్నాడు ఆ గది గుమ్మానికి బోర్డు వేలాడింది: ఆడవాళ్లకు ప్రవేశం లేదు. ఆడమనిషి చేతులతో కూర్చిన బల్ల ఉన్న గదికి! బోర్డు రాసినవాడికి చెయ్యెలా ఆడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. శాంతక్క మాత్రం, "పోనీరా, నాకేమన్న ఆడేదున్నదా," అని ఊరుకుంది.

ఏడాది తిరగకముందే ఊళ్లో మాట మొదలైంది. శాంతమ్మ అమ్మింది చెత్త బల్ల, బంతి ఎటు కొట్టినా ఒకే మూలకు పోతోంది, పాత సరుకుకు పాలిష్ కొట్టి అంటగట్టింది అని. అనేది మరెవరో కాదు, సెక్రటరీయే. అదీ నలుగురిలో కూర్చుని. ఆ మాట లారీల కంటే వేగంగా పోయింది. గుల్బర్గాలో బల్లలు కావాలన్న ఒక పెద్ద బేరగాడు, ఇప్పుడు వద్దులే అని కబురు పంపాడు. బల్ల వ్యాపారంలో మనిషి పేరే సరుకు. ఆ పేరు పోతే షెడ్డులో మిగిలేవి రాళ్లు. ఆమె భర్త లారీకి జొన్నల కిరాయి వెతకడం మొదలుపెట్టాడు. అది చూసి శాంతక్క నన్ను నిద్రలేపి, వెంటబెట్టుకుని మిట్టమధ్యాహ్నం క్లబ్బుకు బయల్దేరింది.

"తప్పు నాదైతే బల్ల వాపస్ తీసుకుంట. ముందు చూడనియ్యి సాబ్," అంది వరండాలో నిలబడి.

సెక్రటరీ బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "నియమం నియమమే గద శాంతమ్మా. నీ మనిషిని పంపు. నువ్వు కిటికీకాడ నిలబడి చెప్పు."

కమిటీవాళ్లు కుర్చీలు లాక్కుని తమాషా చూడటానికి కూర్చున్నారు. శాంతక్క చుట్టూ తిరిగిపోయి, వెనక పల్లేరుకాయల్లో, ఎండలో, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. నేను లోపల.

"మల్లిగా, పండుకో."

"ఎక్కడక్కా?"

"బల్ల కింద. పండుకునుడు నీకు కొత్తనా?"

కమిటీ అంతా నవ్వింది. నేనూ నవ్వి కిందికి దూరాను. "రాయీ రాయీ కలిసే కాడ గోరు పెట్టు. దిగుతున్నదా?"

"దిగుతున్నదక్కా. వేలే దిగేటట్టున్నది."

"నేను పెట్టిననాడు వెంట్రుక దూరకపోతుండె." ఆమె చువ్వల్లోంచి సెక్రటరీ వైపు చూసింది. తర్వాత, "సాబ్, దీన్ని ఎవరన్న జరిపిన్రా?"

"ఎవరు జరుపుతరు? ఉన్నకాన్నే ఉన్నది," అన్నాడు సెక్రటరీ.

"మల్లిగా, గచ్చు చూడు."

గచ్చు మీద బల్ల కాళ్ల దగ్గర్నుంచి గోడ దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చిన గీతలు, నాగలి సాళ్లలా ఉన్నాయి. అది చెప్పాను. "మూలన జేబులల్ల చెయ్యి పెట్టు," అంది. బంతులు పడే ఆ తోలు జేబులో వేళ్లకు ఏదో జిడ్డుగా తగిలింది. తీసి చూస్తే బూంది. ఎండి రాయిలా అయింది గానీ బూందే.

"అక్కా, నీ బల్ల లడ్డూలు తిన్నది!"

ఈసారి కమిటీ నవ్వలేదు. సెక్రటరీ తమ్ముడి కూతురి పెళ్లి విందు ఆ గదిలోనే జరిగిందని అప్పుడు కమిటీవాళ్ల నోటి నుంచే బయటపడింది. బల్లను గోడకు ఈడ్చి, పైన చెక్కలు పరిచి, పొయ్యి మీద నుంచి దింపిన అన్నం గుండిగలు తెచ్చి పెట్టారు. అడుగున మైనం కరగక ఏమవుతుంది? రాళ్లు కదలక ఏమవుతాయి? అయినా ఆ పెద్దమనిషి కళ్లు దించలేదు. "నాలుగు గుండిగలు పెడితే పాడయ్యేది అదేం బల్ల?" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అసలు సంగతి ఇంకొకటుంది. ఆ విందు రోజు అదే గదిలో వడ్డించింది ఎవరు? ఎంగిళ్లు ఎత్తింది ఎవరు? ఊళ్లోని ఆడవాళ్లే. అన్నం గిన్నెతో వస్తే బోర్డు కనిపించలేదు. మైనం గిన్నెతో వస్తేనే కనిపించింది.

శాంతక్క అరవలేదు. "ఒక్క పూట నన్ను లోపలికి రానియ్యి సాబ్. సక్కగ చేసిపోత. పైస వద్దు. సక్కగైనంక తప్పు బల్లది కాదని నువ్వే నలుగురికి చెప్పాలె," అంది. వాళ్లు గుసగుసలాడుకున్నారు. చివరికి సెక్రటరీ, "కిటికీకెల్లి చెప్పు, ఈ పిలగాడే చేస్తడు," అన్నాడు.

"కిటికీకెల్లి చెప్పనీకి నేనేమన్న రేడియోనా సాబ్? మల్లిగా, బయటికి రా," అంది. పల్లేరుకాయలు గుచ్చుకున్న పాదాలను దులుపుకోకుండానే నడిచింది.

వాళ్లు నిజం ఎక్కడా చెప్పలేదు. బల్ల అలాగే వంకరగా ఉంది, ఆమె పేరూ అలాగే వంకరగా తిరిగింది. షెడ్డులో సగం జొన్న బస్తాలు నిండాయి. కొన్నాళ్లకు సెక్రటరీ నన్నొక్కణ్ణే పిలిపించాడు. బల్ల సరిచేయాలట, ఆపైన అక్కడే బంతుల లెక్క చూసే మార్కరు ఉద్యోగమట. జీతం, తెల్ల చొక్కా, ఫ్యాను కింద కుర్చీ. "నేను గూడ పాత సరుకే సాబ్, మీరు జరిపితే పనికిరాకుంట పోత," అని దండం పెట్టి వచ్చేశాను. ఆ తర్వాత బతుకంతా బల్లలు కూర్చాను, లెక్కలేనన్నిటికి విలువ కట్టాను. ఎవరికైనా ఏ పనైనా కాదనబోయే ముందు నాలో నేను ఒకసారి తడుముకోవడం మాత్రం ఆ సాయంత్రమే మొదలైంది.

ఆ సాయంత్రం గాల్లో తేలుతూ షెడ్డుకు వచ్చాను. శాంతక్క పొయ్యి దగ్గర మైనం కరిగిస్తోంది. జరిగిందంతా చెప్పి, "నీ కోసమే చెయ్యనన్న అక్కా," అన్నాను. మెచ్చుకుంటుందని నిలబడ్డాను. ఆమె గరిటె ఆపకుండా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నాకోసమా! బల్ల కూర్చుడు నీకొస్తదా? రాని పనిని చెయ్యనంటే వాళ్లకేం తాకుతది? ఇగో, గిన్నె పట్టు, నేర్చుకో. పని వచ్చినంక పోయి మళ్ల ఒకసారి చెయ్యనని చెప్పిరా."