నీళ్ల మీద ఉస్తాద్ మాట

ఉదయం అయిదూ నలభైకి విజయవాడ స్టేషన్‌లో దిగాను. అక్టోబరు మొదటి వారం. వాన వెలిసి రెండు రోజులైంది, ఉక్క పోలేదు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో రేకు పెట్టె, పెట్టె నిండా పుస్తకాలు. ఇరవై రెండేళ్ల సర్వీసులో సొంత జిల్లాకు పోస్టింగ్ రావడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆటో ఎక్కి, బ్యారేజీకి ఎగువన నది ఒడ్డున మిలట్రీ డేరాలున్నాయి, అక్కడికి పోనివ్వమన్నాను.

"అక్కడేం యుద్ధమండీ?" అన్నాడు ఆటో అతను.

నవ్వాను. ఇప్పుడైతే నవ్వను.

నా పని సాహస శిక్షణ. కొండ, తాడు, పడవ, ఈత. జవాన్లకు భయం అంటే ఏమిటో చూపించి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నేర్పడం. చల్లపల్లి దగ్గర మా ఊళ్లో ఈ మాట చెబితే "పడవ షికారుకు జీతమిచ్చారన్నమాట బాబాయ్‌కి!" అంటారు. అనండి. నేను ఏడో తరగతి దాటలేదు. మిగిలిన చదువంతా బ్యారక్‌లో లాంతరు దగ్గర నాకు నేనే చదువుకున్నది. నీళ్ల గురించి మాత్రం ఎవరి దగ్గరైనా పాఠం చెప్పగలను.

శిక్షకుణ్ణి మా భాషలో ఉస్తాద్ అంటారు. ఉస్తాద్ హవల్దారే కావచ్చు, శిష్యుడు ఆఫీసరే కావచ్చు. గట్టు మీద అతనికి నేను సెల్యూట్ కొట్టాలి. నీళ్లలోకి దిగాక ర్యాంకు లేదు. ఉస్తాద్ వద్దంటే వద్దు. ఇది పుస్తకంలో రాసిన రూలు కాదు, రూలు కంటే గట్టి ఆచారం. దీని మీదే మా ప్రాణాలు ఆధారపడి ఉండేవి.

క్యాంపు అధికారి కెప్టెన్. ఆరేళ్ల కిందట హిమాలయాల్లో ఒక నది దగ్గర నా శిష్యుడు. అప్పుడు లెఫ్టినెంటు. జ్వరంతో ఒళ్లు కాలిపోతూ పడవెక్కబోతే, దిగమన్నాను. మారు మాట్లాడకుండా దిగాడు. ఇక్కడ నన్ను చూడగానే చేతులు రెండూ పట్టుకుని, "ఉస్తాద్, మీరొచ్చారంటే నాకు నిశ్చింత" అన్నాడు. నమ్మాను.

ఆరు వారాల శిక్షణ, ఆ తరువాత నాలుగు రోజుల యాత్ర. బ్యారేజీ దిగువ నుంచి సముద్రం దాకా రబ్బరు పడవల్లో. చివరి రోజు ఒక పెద్ద అధికారి వచ్చి ముఖద్వారం దగ్గర జెండా అందుకుంటాడు, ఫోటోలు.

వైర్‌లెస్ సెట్టు చూసే కుర్ర జవాను అనంతపురం వాడు. నా మాట వినగానే వెంటపడ్డాడు. "న్నా, మన తెలుగోళ్లు ఒకరుండారు, సాలు" అనేవాడు. ఈత రాదు.

"మీ ఊళ్లో నీళ్లు ఎప్పుడన్నా చూశావురా?"

"సూడకేం న్నా. ట్యాంకర్లో."

అందరికీ ఏడింటికి ప్రాక్టీసు. వాడికి నేను ఆరింటికే మొదలుపెట్టేవాణ్ణి. గంట సేపు. మొదటి వారం మోకాలి లోతు దాటలేదు. మూడో వారానికి ముఖం ముంచాడు. ఆరో వారం పరీక్ష. లైఫ్ జాకెట్ లేకుండా యాభై మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం. ముప్ఫై మీటర్లు పోయాడు, గాబరాపడ్డాడు, తాడు పట్టుకున్నాడు.

రిజిస్టరులో వాడి పేరు ఎదుట 'అన్‌ఫిట్' అని రాశాను.

"న్నా, ఇంగో ఇరవై మీటర్లే కదన్నా."

"ఆ ఇరవైలోనేరా పోయేది."

ఆ రోజు వాడు భోజనానికి రాలేదు. వాడు పడవెక్కకూడదు. లారీలో సెట్టుతో గట్టు వెంబడి వస్తాడు. కెప్టెన్ రిజిస్టరు చూసి తలూపాడు.

యాత్ర మొదటి రోజు పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. మూడు పడవలు, వెనక కాపు కాయడానికి ఒక మోటారు పడవ. అందులో నేను. రెండో రోజు బ్యారేజీ గేట్లు దించారు, తెల్లారేసరికి నది చిక్కిపోయింది. ఇసుక తిన్నెల మీద పడవల్ని మైళ్లకు మైళ్లు ఈడ్చాం. అరికాళ్లు పుండ్లు. మూడో రోజు పులిగడ్డ దాటాక నీటికి ఉప్పు తగిలింది. నాలుగో రోజు పదకొండింటికి నాగాయలంకకు దిగువన ఒక జాలరి పల్లె దగ్గర ఆగాం. అక్కడి నుంచి సముద్రం కనిపించదు, వినిపిస్తుంది.

గట్టు మీద వల బాగుచేసుకుంటున్న జాలరిని సముద్రపు పోటూ పాటూ ఎప్పుడని అడిగాను.

"రెండు దాటాక పాటు మొదలండీ. గాలేమో సముద్రం మీంచి కొడతంది. ఏరు లాగుద్ది, గాలి తోసుద్ది. మధ్యలో అల నిలబడిపోద్ది. అప్పుడు మేవే దిగవండీ."

ఈ మాట కెప్టెన్‌కు చెప్పాను. రెండు దాటితే పడవ నీళ్లలోకి దించకూడదన్నాను. "మీరెలా అంటే అలా ఉస్తాద్" అన్నాడు. ఒకటీ పదికి నన్ను పిలిచి, పెద్ద అధికారి నాగాయలంక రేవుకు వస్తున్నాడు, మోటారు పడవలో వెళ్లి తీసుకురమ్మన్నాడు.

"నేను తిరిగి వచ్చేదాకా ఎవరూ నీళ్లలోకి దిగకూడదు సాబ్."

"దిగరు."

నాగాయలంకలో గంటన్నర నిలబడ్డాను. అధికారి రాలేదు. మూడూ ఇరవైకి నా దగ్గరున్న చిన్న సెట్టు గరగరమంది.

"ఉస్తాద్, ఉస్తాద్. వెంటనే రండి. ఓవర్."

కెప్టెన్ గొంతు. లారీ సెట్టు మీద మాట్లాడాల్సింది అనంతపురం కుర్రవాడు. ఆ పని కెప్టెన్ చేస్తున్నాడంటే కుర్రవాడు నీళ్లలో ఉన్నాడు.

అధికారి వచ్చేలోగా ఫోటోకు రిహార్సల్ అట. ఫోటోలో జట్టు మొత్తం ఉండాలట. వాణ్ణి కూడా ఎక్కించారు. వాడు రిజిస్టరులో అన్‌ఫిట్ కాబట్టి వాడి కొలతకు జాకెట్ ఇవ్వలేదు. ఎవరిదో వదులు జాకెట్ తొడిగారు. ముఖద్వారం దగ్గర నిలబడ్డ అల పడవను తిరగేసింది. అయిదుగురు పడవ పట్టుకున్నారు. వాడి జాకెట్ తల మీదుగా ఊడిపోయింది.

నేను వెళ్లేసరికి, ఆ పల్లె జాలరి తన నాటు పడవ తీసుకుని అయిదుగుర్నీ ఎక్కించుకుంటున్నాడు. నన్ను చూసి చేత్తో దిగువకు చూపించాడు. అప్పటిదాకా మడ చెట్ల వేళ్లు పట్టుకుని వేలాడాడు. నల్లగా తల కనిపించింది, పట్టు జారి మునిగింది. దూకాను. రెండోసారి మునిగినప్పుడు చొక్కా దొరికింది. దిబ్బ మీదకు లాగాను. బతికాడు. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక పడవ, అందులోని చిన్న సెట్టు సముద్రంలో పోయాయి. పోయిన సామాను ఎవరి మెడకో చుట్టాలి కదా, విచారణ వేశారు.

విజయవాడలో, ఫ్యాను తిరగని గది. ముగ్గురు అధికారులు. కెప్టెన్ నా వైపు చూడకుండా చెప్పాడు: "వెళ్లే ముందు ఉస్తాద్ నోటిమాటగా అనుమతి ఇచ్చారు. నీళ్ల మీద ఆయన మాటే మాకు ఆజ్ఞ."

నా ఆచారాన్నే నా మెడకు ఉరితాడు చేశాడు. అయినా నేను బెదరలేదు. ఇంకొక సాక్షి ఉన్నాడు. నేను నీళ్లలోంచి తీసినవాడు.

వాడు అటెన్షన్‌లో నిలబడి, గోడ వైపు చూస్తూ, హిందీలో ఒక్క వాక్యం చెప్పాడు. "ఉస్తాద్ వెళ్లమన్నారు సార్."

బయట వరండాలో ఆపాను. "ఎందుకురా?"

వాడన్నాడు: "అన్‌ఫిట్ అని రాసినావు న్నా. కెప్టెన్ ఆయప్ప పడవెక్కమన్న్యాడు. ఎక్కినా. పర్మిషన్ లేకుండా ఎక్కినానని తేలితే నన్నూ పీకుతారంట. నీకు ఇంగ సర్వీసు ఎంతుందన్నా? నాకు పద్నాలుగేండ్లుండాది."

లెక్క సరిగ్గానే ఉంది. కొట్టబుద్ధయింది. కొట్టలేదు. అప్పుడు కొట్టనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

నా ఛాతీ మీది శిక్షకుడి బ్యాడ్జి తీయించారు. తీవ్ర మందలింపు. మిగిలిన రెండేళ్లు స్టోరులో దుప్పట్లు లెక్కపెట్టాను. పెన్షన్ కాగితాలతో విజయవాడలో బస్సెక్కి ఇంటికి వచ్చాను. కెప్టెన్‌కు ప్రమోషన్ వచ్చిందని విన్నాను. కుర్రవాడు ఎక్కడున్నాడో కనుక్కోలేదు. క్షమించావా అని మా చర్చి ఫాదరు రెండుసార్లు అడిగారు. లేదన్నాను.

కానీ కళ్లు మూస్తే నాకు కనిపించేది ఆ గది కాదు. దిబ్బ మీద వాణ్ణి బోర్లించి నీళ్లు కక్కించాక, వెల్లకిలా తిప్పాను. రెండు చేతులతో నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. ఊపిరి వచ్చింది, కళ్లు తెరిచాడు, నన్ను గుర్తుపట్టాడు. వేళ్లు మాత్రం వదల్లేదు. ఎంత విడిపించబోయినా బిగుసుకుపోయాయి. జాలరి భార్య వచ్చి బురదలో మోకాళ్ల మీద కూర్చుంది. "వదులు నాయనా, గట్టుమీదున్నావు. ఆయన ఎక్కడికీ పోడు" అంటూ ఒక్కొక్క వేలే తీసింది. ఒకటి తీసి రెండోదానికి పోయేలోగా మొదటిది మళ్లీ వచ్చి నా కాలరు పట్టుకునేది.