కామాక్షమ్మ గారి సోల, నా తూకం

మా పెద్దమ్మ కామాక్షమ్మ గారు పరమపదించినారని సూళ్లూరుపేట నుంచి తంతి వచ్చినప్పుడు నేను కావలిలో పాఠం చెబుతున్నాను. నమ్మలేకపోయినాను. పేరులో పొరపాటు పడిందేమోనని తంతి ఆఫీసుకు వెళ్లి మళ్లీ అడిగినాను. పొరపాటు లేదు. ఆమె పెంపకంలో అబ్బిన అనుమానబుద్ధి నన్నొక గంటసేపు మాత్రమే ఆదుకుంది.

చిన్న వయసులోనే వైధవ్యం సంప్రాప్తించినా, భర్త నెలకొల్పిన రొట్టెల బట్టీని ఒంటిచేత్తో నిలిపిన ధీరురాలు ఆమె. స్వభావతః సంశయాత్మురాలు. పాలల్లో వేలు ముంచి చూడనిదే పోయించుకునేవారు కాదు. స్టేషను గడియారం తప్పనేవారు. కిలోల తూకాలు కొత్తగా వచ్చినప్పుడు, ఎదురంగడి గుండ్లతో సరితూచిన తర్వాతే తన ఇనుపగుండ్లను ఇంట్లోకి రానిచ్చినారు. "చెప్పినవాళ్లు మంచోళ్లే నాయనా. నేనూ ఒకసారి చూసుకుంటే తప్పేముంది?" అనేవారు.

అంతవరకు మైదా, చక్కెర, ఉప్పు అన్నీ సోల అనే కొలపాత్రతోనే కొలిచేవారు. నేను లెక్కల మేష్టరును గనుక, ఆ సోలలను గ్రాముల్లోకి మార్చి రాసిమ్మని ఆజ్ఞాపించినారు. వేసవి సెలవుల్లో వెళ్లి, ఆమె స్వహస్తాలతో కొలిచిన ఒక్క సోల మైదాను తూచి, దాన్నే ప్రమాణంగా పెట్టుకుని పట్టిక రాసిచ్చినాను. నా విద్వత్తు మీద నాకు లేశమాత్రం సందేహం కలగలేదు.

వారం తిరక్కముందే అనర్థం జరిగింది. ఎన్నో ఏళ్లుగా అక్కడ పిండి కలుపుతున్న మస్తానమ్మ, లోపలిగదిలో ఇరవై సోలల మైదా కొలిచి తొట్లో పోసింది. పెద్దమ్మ దాన్ని తూచి చూస్తే, నా పట్టిక ప్రకారం ఉండవలసినదానికి అరకిలో తక్కువ.

"మిగతాది యాడ బోయింది మస్తానీ?"

"ఇరవై సోలలూ పోసినానమ్మా."

"మరి తూకం అబద్ధమాడతదా?"

పెద్దమ్మ నేరుగా ఆమె ఇంటికి వెళ్లి, ఇరుగుపొరుగు చూస్తుండగా కుండలన్నీ దించి వెతికినారు. ఏమీ దొరకలేదు. మర్నాటి నుంచి మస్తానమ్మ పనికి రాలేదు. నేను కూడా ఆమెనే అనుమానించినాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

మూడోనాడు పెద్దమ్మ తానే ఇరవై సోలలు కొలిచి తూచినారు. సరిపోయింది. "నా లెక్క తప్పదు పెద్దమ్మా" అన్నాను. ఆమె మాత్రం సోలను చేతిలో అటూఇటూ తిప్పి చూసినారు.

"నేను మూటలో సోల ముంచి, బొటనవేలితో అదిమి తీస్తా. మస్తాని పిండిని జల్లించి, వదులుగా పోసి కొలుస్తది. నువ్వు తూచింది ఎవరి సోల?"

జల్లించిన మైదా సోలెడు తూచినాము. తేలిగ్గా వచ్చింది. ఇరవైకి లెక్క కడితే అదే అరకిలో. పెద్దమ్మ చెప్పులు వేసుకుని వెంటనే బయల్దేరినారు. నేను వెంట నడిచినాను.

జరిగిందంతా విని మస్తానమ్మ గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"నాకొక్కదానికి చెప్తే ఎట్టమ్మా? మీరు వెతికేటప్పుడు అందరూ చూసినారు గదా."

పెద్దమ్మ వీధివైపు తిరిగి, ఒక్కొక్క ఇంటివాళ్లనూ పేరుపెట్టి పిలిచినారు. "మస్తాని చిటికెడు పిండి తీయలేదు. కొలిచేది తెలియనిది నాకు. నిందేసిన నోరు నాది" అన్నారు.

పది రోజులు ఆగి గానీ మస్తానమ్మ రాలేదు. ఆమె జల్లించిన పిండినే తూచి కొత్త పట్టిక రాసుకున్నాము. పెద్దమ్మ ప్రతి తూకాన్నీ రెండుసార్లు చూడటం మానలేదు. మస్తానమ్మ ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె చేతిసంచీ వైపు మాత్రం ఇంకెన్నడూ చూడలేదు.

ఆనాడు వీధిలో పెద్దమ్మ పక్కనే నిలబడి కూడా నేను నోరు విప్పలేదు. పట్టిక నాది, తప్పూ నాదే. మొన్న దహనసంస్కారాలు ముగిసి అందరూ వెళ్లిన తర్వాత, మస్తానమ్మ ఎదుట చేతులు జోడించి ఆ మాట చెప్పినాను.

"నాకు అప్పుడే తెలుసు మేష్టరుగారూ. మీరెప్పుడు చెప్తారా అనుకున్నా" అంది.

పెద్దమ్మకు, ఆ పుణ్యమూర్తికి, నేను సమర్పించగలిగిన అంజలి అదొక్కటే. ఒక్క గంటలో ఆమె చేయగలిగిన పని నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇక నా తప్పును నాకు చూపించే పెద్దదిక్కు లేదు.